జానెడు గుడ్డ, మోకాళ్ళ దాకా సిగ్గు

పోయిన వేసవిలో మోకాలి నొప్పికి వైద్యుణ్ణి కలిస్తే, నడక తగ్గించి ఈతకు వెళ్ళమన్నారు. ముప్ఫై ఏళ్ళ తరువాత, నలభై తొమ్మిదేళ్ళ వయసులో మళ్ళీ క్రమం తప్పకుండా ఈతకు దిగడమంటే నాకు సంతోషమే కలిగింది గాని భయం వేయలేదు, ఎందుకంటే కె.సి. (కర్నూలు-కడప) కాలువ ఒడ్డున పుట్టి పెరిగినవాడు ఈత మరిచిపోవడమనేది ఉండదు. భయమంతా కర్నూలులో నేను చేరిన ఈతకొలను గేటు దగ్గర, రుసుముల పట్టిక కింద ఎర్ర రంగుతో రాసిన ఒక్క వాక్యం చదివాక మొదలైంది. కాటన్ నిక్కర్లు, బెర్ముడాలు, బనియన్లతో నీళ్ళలోకి దిగరాదు, నైలాన్ స్విమ్మింగ్ కాస్ట్యూమ్ తప్పనిసరి అని ఆ వాక్యం చెబుతోంది.

ఆ నిబంధన పిల్లలకేమో అనుకొని నేను ఆరు జేబుల బెర్ముడాతో లోపలికి నడిచాను. మెట్ల మీద కాలు పెట్టకముందే కోచ్ ఈల వేసి ఆపి, "సార్, ఇది వేసుకొని దిగేకి లేదు. ఆ గదిలో కాస్ట్యూములుండాయి, సైజు చూసుకోండి" అన్నాడు. పాతికేళ్ళ కుర్రవాడు, మాట మర్యాదగానే ఉంది, కాని బతిమాలితే మెత్తబడే మాట కాదది. గదిలో గోడకు కొట్టిన మేకులకు రెండు రకాలు వేలాడుతున్నాయి. ఒకటి నడుము నుంచి మోకాలి దాకా తొడలకు అంటిపెట్టుకొని ఉండేది. దానిని జామర్ అంటారని నాకు అప్పుడే తెలిసింది, నా నడుముకు సరిపడే కొలత అందులో అయిపోయింది. రెండోది అందరూ వి-కట్ అనే చిన్న బ్రీఫ్. నల్లటి నైలాన్, లోపల తెల్లటి అస్తరు, నడుము చుట్టూ సన్నని నాడా; మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోయింది. దానిని పట్టుకొని ఒక నిమిషం నిలబడి, ఇంటి నుంచి ఫోను వచ్చినట్టు నటించి, తిరిగి వచ్చేశాను. ఇరవై ఆరేళ్ళుగా బ్యాంకులో లక్షల రూపాయల అప్పు కాగితాల మీద సంతకాలు పెడుతున్న చేయి ఒక గుడ్డముక్క దగ్గర వెనకాడిందని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు గాని ఆ రోజు మాత్రం చాలా ఉండింది.

ఇంటికి వచ్చే దారిలో నన్ను తొలిచిన విషయం ఒకటే. మా జేజినాయన, అంటే తాత, ఇంతకన్నా చిన్న గుడ్డతో ఊరందరి ఎదుటా ఈదేవాడు.

ఆయనకు గోచి అంటే పాత పంచె నుంచి చింపిన జానెడు వెడల్పు గుడ్డ. దాని ఒక కొసను ముందువైపు మొలతాటి కింద దూర్చి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కు తీసి, వెనక మొలతాటిలో బిగించి, మిగిలిన కొస తోకలాగ వేలాడకుండా మడిచి దోపేవాడు. నేను పది అంకెలు లెక్కపెట్టేలోపు ఈ పని మొత్తం అయిపోయేది. అంతా మొలతాడు బిగువు మీదనే ఆధారపడి ఉంటుందనీ, వదులు మొలతాటితో బావిలో దూకినవాడు గోచి కోసం రెండోసారి మునగాల్సి వస్తుందనీ ఆయన హెచ్చరించేవాడు. మా చిన్నాయన విషయంలో ఒకసారి అది నిజమైంది కూడా, ఆ కథ ఇప్పటికీ మా ఇంటి పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర వినబడుతుంది. నా వీపుకు ఎండిన సొరకాయ బుర్రను కట్టి, మోట బావి మెట్ల మీద నుంచి నన్ను నీళ్ళలోకి నెట్టి, తాను గోచితో గట్టు మీద నిలబడి ఆయన కేకలు వేస్తుంటే, పక్కనే వేరుశనగ చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు తలెత్తి చూసేవారు కారు, చూసినా చూసినట్టు ఉండేవారు కారు. అక్కడ సిగ్గు లేదని కాదు. ఎవరు ఎక్కడ చూపు నిలపాలో, ఎక్కడ నిలపకూడదో అందరికీ తెలిసిన ఒక ఒప్పందం ఉండేది, ఆ ఒప్పందమే ఆయనకు పైబట్టగా పనిచేసేది.

కాలువ దగ్గర సంగతి వేరు. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించి, నడపలేక 1882లో ప్రభుత్వానికి అప్పగించిన ఈ కర్నూలు-కడప కాలువ, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై 300 కిలోమీటర్లకు పైగా పారుతుంది. తవ్వినప్పుడు పొలాలకు నీళ్ళతో పాటు పడవలు నడపాలన్న ఉద్దేశం కూడా ఉండేదట. మా కాలానికి పడవలు లేవు, పిల్లలమే ఉండేవాళ్ళం. తడిసిన నిక్కరుతో ఇంటికి పోతే వీపు పగులుతుంది గనుక చిన్నవాళ్ళు బట్టలు గట్టు మీద కుప్పపోసి దూకేవారు, కొంచెం మీసం మొలిచినవారు చారల డ్రాయర్లతో దూకేవారు. ఆ చారల డ్రాయరు మోకాళ్ళకు కాస్త పైదాకా వదులుగా ఉండేది. కాళ్ళు ముందుగా దూకితే లోపల గాలి చేరి, మనిషి మునిగినా డ్రాయరు బుడగలాగ నీటిపై తేలి, వెనక నుంచి చూసేవాళ్ళకు నవ్వు ఆగేది కాదు. అందుకే కాలువ వంతెన మీద నుంచి తలకిందులుగా దూకే మొనగాళ్ళు మాత్రం డ్రాయరు విప్పి తువ్వాలును గోచిగా బిగించుకొనేవారు. అంటే వదులు బట్ట, బిగువు బట్ట అన్న తేడా మాకు అప్పుడే తెలుసు, కాని అది మర్యాదకు సంబంధించిన తేడాగా గాక, ఈత వచ్చినవాడికీ రానివాడికీ మధ్య తేడాగా తెలుసు.

వారం తరువాత ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న జామర్‌తో మళ్ళీ కొలనుకు వెళ్ళాను. మొదటి రోజుల్లో ఒక అడ్డం ఈది, నాలుగు నిమిషాలు గట్టు పట్టుకొని రొప్పేవాణ్ణి గనుక మనుషులను గమనించడానికి నాకు కావలసినంత తీరిక దొరికింది. నేను ఊహించినదానికి సరిగ్గా తలకిందులుగా ఉంది అక్కడి వ్యవహారం. అరవై దాటిన పెద్దలకు ఏ బెంగా లేదు. పొద్దున్నే ఆరు గంటలకు వచ్చే ఒక పెద్దాయన, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడని విన్నాను, వెలిసిపోయిన నీలం వి-కట్ వేసుకొని, దాని అంచుకు పైన నల్లటి మొలతాడూ దానికి కట్టిన వెండి తాయెత్తూ కనబడుతుండగా, బట్టలు మార్చుకునే గది నుంచి షవరు దాకా, షవరు నుంచి మెట్ల దాకా, ఏటికి స్నానానికి పోయేవాడిలాగ నింపాదిగా నడుస్తాడు. ఇరవై ఏళ్ళ ఇంజనీరింగ్ విద్యార్థులు మాత్రం మోకాలి కిందికి వచ్చే పొడవు కోసం వెతుకుతారు, నడుముకు తువ్వాలు చుట్టుకొని గట్టు చివరి దాకా వచ్చి, తువ్వాలు వదలడం, దూకడం రెండూ ఒకే క్షణంలో ముగిస్తారు. టీషర్టుతో దిగవచ్చా అని అడిగేవారు రోజుకు ఒకరైనా ఉంటారు. ఇంకా విచిత్రమేమిటంటే, జిమ్ములో కండలు పెంచిన కుర్రవాళ్ళు అద్దం ముందు ఛాతీ విరుచుకొని ఫోటోలు తీసుకుంటారు గాని వి-కట్ మాట ఎత్తితే చాలు, "అది మనకు సెట్ కాదన్నా" అని తప్పుకుంటారు. ఛాతీ చూపడానికి అడ్డురాని సిగ్గు తొడ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అడ్డుపడుతుందో నాకు ఎంత ఆలోచించినా తెగలేదు.

తొంభై ఏళ్ళ కిందట అమెరికాలో ఈ లెక్క వేరుగా ఉండేది. అక్కడ మగవాడి ఛాతీయే అసభ్యం. 1930ల్లో కూడా అట్లాంటిక్ సిటీ సముద్రపు ఒడ్డున బనియను లాంటి పైభాగం లేకుండా కనబడిన మగవారిని పోలీసులు పట్టుకొనేవారు. నడుము కింది బట్ట చిన్నదయింది ఆస్ట్రేలియాలో. స్కాట్లాండు నుంచి వలస వచ్చిన అలెగ్జాండర్ మెక్రే అనే ఆయన 1914లో సిడ్నీలో పెట్టిన అల్లిక బట్టల వ్యాపారం 1928లో స్పీడో అన్న పేరు పెట్టుకుంది. ఆ సంస్థకు 1960 ప్రాంతంలో పీటర్ ట్రావిస్ అనే రూపకర్త, తుంటి ఎముకల మీద నిలబడి కాళ్ళ కదలికకు అడ్డురాని చిన్న బ్రీఫ్‌ను గీసి ఇచ్చాడు. 1961లో బోండై బీచ్‌లో దానిని వేసుకున్న కొందరిని అసభ్యత కింద పట్టుకొని న్యాయస్థానం ముందు నిలబెడితే, దాచవలసినదేదీ బయటపడలేదు గనుక నేరం లేదని మేజిస్ట్రేటు కొట్టివేశాడు. ఆ తీర్పును మా జేజినాయన వినివుంటే ఇందులో విచారించవలసినది ఏముందని అడిగేవాడు. పదకొండేళ్ళ తరువాత 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో మార్క్ స్పిట్జ్ ఏడు స్వర్ణ పతకాలు గెలిచింది అటువంటి బ్రీఫ్‌తోనే, ఆ పతకాలు మెడలో వేసుకొని, అదే బ్రీఫ్‌తో నిలబడిన అతని చిత్రం దేశదేశాల్లో గోడల మీదికి ఎక్కింది.

వదులు షార్టులది ఇంకో దారి. కాలిఫోర్నియా, హవాయి తీరాల్లో అలల మీద పలక వేసుకొని జారే కుర్రవాళ్ళకు, మైనం పూసిన పలక మీద రాసుకొని తొడలు ఒరుసుకుపోకుండా పొడవాటి దళసరి షార్టు అవసరమైంది. అది అలల పనికి పుట్టిన బట్ట, ఈదడానికి పుట్టినది కాదు. ఆ తరువాత దానిని ఊళ్ళో తిరగడానికి కూడా వాడవచ్చునని అందరికీ తోచడంతో అది ప్రపంచమంతా పాకి, చివరకు మన కర్నూలు బట్టల అంగళ్ళలో బెర్ముడాగా వేలాడింది. పోటీ ఈతగాళ్ళు మాత్రం ఎదురు దిక్కున పోయారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇయాన్ థోర్ప్ మెడ నుంచి మడమల దాకా కప్పే నల్ల సూటుతో దిగాడు. 2008, 2009 నాటికి పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత వేసిన సూట్లు వచ్చి, 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యేసరికి, గెలిచేది మనిషా బట్టా అన్న ప్రశ్న లేచింది. 2010 నుంచి అంతర్జాతీయ ఈత సమాఖ్య మగవారి బట్ట బొడ్డుకు పైకి, మోకాలికి కిందికి పోరాదని, నేసిన గుడ్డే అయి ఉండాలని నియమం పెట్టింది. నేను సిగ్గుకు మధ్యేమార్గంగా ఎంచుకున్న జామర్ ఆ హద్దులకు సరిపోయే బట్టే. నేను మర్యాద కోసం వేసుకున్నదానిని వాళ్ళు సెకనులో నూరోవంతు కోసం వేసుకుంటారని తెలిశాక నాకు కొంత గర్వంగానే అనిపించింది, ఒక అడ్డం ఈదడానికి నాకు పట్టే సమయాన్ని ఇక్కడ చెప్పడం లేదు.

ఇదంతా తెలుసుకున్నాక కూడా మా కర్నూలు కుర్రవాళ్ళ సిగ్గు నాకు అర్థం కాలేదు, ఎందుకంటే వాళ్ళు సిగ్గుపడేది అమెరికాను చూసీ కాదు, ఆస్ట్రేలియాను చూసీ కాదు. ఒక రోజు కొలను గట్టు మీద అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో, మాటల్లో అన్నాడు: "మా ఊర్లో బాయిలుండాయి గానీ నీళ్ళు ల్యావు సార్. నేను నీళ్ళల్లో దిగడం ఇదే ఫస్టు." ఆ మాట విన్నాక నాకు దారి దొరికినట్టయింది. 1980లు, 1990ల్లో రాయలసీమలో బోర్లు లోతుకు పోయే కొద్దీ దిగుడు బావులూ మోట బావులూ ఎండిపోయాయి. చాలా చోట్ల వాటిలో ఇప్పుడు కంపచెట్లు మొలిచాయి, కొన్నిటిని రాళ్ళతో పూడ్చేశారు. బావి ఎండితే పోయింది నీళ్ళు మాత్రమే కాదు. మగపిల్లలు తాతల ముందు, చిన్నాయనల ముందు, ఈడు పిల్లల ముందు ఒంటి మీద బట్ట లేకుండానో జానెడు గుడ్డతోనో నిలబడి, ఒకరి బక్క కాళ్ళనూ ఒకరి బొజ్జనూ చూసి నవ్వుకొని, ఆ నవ్వుకు అలవాటుపడే చోటు కూడా పోయింది. మా తరం ఆ నవ్వులన్నీ పదేళ్ళలోపే తిని అరిగించుకుంది. ఇప్పటి కుర్రవాడు స్నానాల గది తలుపు గడియ వేసుకొని ఒంటరిగా పెరిగి, తన ఒంటిని అద్దంలోనూ ఫోనులోనూ తప్ప ఇంకొకరి కళ్ళతో చూసుకోకుండా ఇరవై ఏళ్ళు దాటించి, మొదటిసారి కొలను గట్టు మీద పదిమంది ముందు నిలబడుతున్నాడు. అతను మోకాళ్ళు దాచుకుంటున్నాడని నవ్వడం న్యాయం కాదు. నా సిగ్గు కూడా అటువంటిదే, కాకపోతే నాది తిరిగి మొలిచిన సిగ్గు: పద్దెనిమిదేళ్ళకు ప్యాంటు తొడిగి పట్నం వచ్చినవాణ్ణి, ముప్ఫై ఏళ్ళు దానిని విప్పింది లేదు.

కోచ్‌కు మాత్రం ఈ తాత్త్వికమేమీ పట్టదు. అతని పట్టుదలంతా నీళ్ళ మీద. నేను ఒకసారి ఆ నిబంధన ఎందుకంత కఠినమని అడిగితే, జవాబు చెప్పకుండా, ఆ రోజే ఎవరో విడిచి పోయిన ఖాకీ రంగు కాటన్ బెర్ముడాను ఒక తెల్ల ప్లాస్టిక్ బకెట్‌లో నాలుగు చెంబుల నీళ్ళు పోసి ముంచి, రెండుసార్లు పిండాడు. నీళ్ళు టీ డికాషన్ రంగుకు తిరిగాయి, జేబు మూలల నుంచి నూలుపోగుల ఉండలూ కాస్త ఇసుకా ఒక చిరిగిన బస్సు టిక్కెట్టూ బయటికి వచ్చాయి. "ఇదంతా ఫిల్టర్‌లోకి పోతుంది సార్" అన్నాడు. తరువాత ఒక చిన్న గాజుగొట్టంలో కొలను నీళ్ళు నింపి, సీసాలోంచి చుక్కలు వేసి, వచ్చిన పసుపు రంగును అట్ట మీది రంగులతో పోల్చి చూపించాడు. క్లోరిన్ లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలట. చెమటా మూత్రమూ మురికీ నీళ్ళలో కలిస్తే క్లోరిన్ వాటితో చర్య జరిపి క్లోరమైన్లుగా మారుతుంది, మనం క్లోరిన్ వాసన అనుకొనే ఘాటూ కళ్ళు మండటమూ చాలావరకు వాటి వల్లనే. పొద్దున కూరగాయల బజారుకూ మధ్యాహ్నం బండి మీదికీ వేసుకు తిరిగిన బెర్ముడాను సాయంత్రం నీళ్ళలో ముంచడానికి లేదన్నది అతని వాదన. ఫ్రాన్సులో మునిసిపల్ కొలనుల్లో ఇదే కారణం చెప్పి మగవారి వదులు షార్టులను నిషేధించి, ఒంటికి అంటుకునే బట్టే వేయిస్తారని చదివినప్పుడు, ప్యారిస్ అధికారులూ మా కోచ్ కూడబలుక్కున్నారా అనిపించింది.

శుభ్రత మాట అలా ఉంచితే, ఈతకు కూడా బెర్ముడా శత్రువే. నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు బరువు, వదులు గుడ్డ మడతల్లో చేరిన ఆ నీటిని మనిషి ప్రతి బారకూ తనతో లాక్కుపోవాలి. నాలుగేళ్ళ కిందట మా ఆఫీసు వాళ్ళం కుటుంబాలతో ఒక రిసార్టుకు వెళ్ళినప్పుడు ఈ సంగతి నాకు అనుభవంలోకి వచ్చింది. అక్కడ ఏ నిబంధనా లేదు గనుక బెర్ముడాతోనే దూకాను. దూకిన వేగానికి నాడా ముడి వీడి, తడిసి బరువెక్కిన గుడ్డ తుంటి దాటి జారుతుంటే, ఒక చేత్తో దానిని పట్టుకొని, రెండో చేత్తో గట్టు వైపు ఈదుతూ, ఒడ్డున కూర్చున్న మా మేనేజరు భార్యకు నమస్కారం కూడా పెట్టవలసి వచ్చింది. మర్యాద కోసం వేసుకున్న బట్ట ఆ మర్యాదను తీసేంత పని చేసింది. అసలు తడిసిన పలుచటి కాటన్ ఒంటికి అంటుకొని చూపించేదానితో పోలిస్తే, అస్తరు వేసిన దళసరి నైలాన్ దాచేదే ఎక్కువ, కాని ఈ మాట చెప్పి ఎవరినీ ఒప్పించలేకపోయాను, ఎందుకంటే ఇది కొలతలతో తేలే విషయం కాదు.

కొలతలతో తేలదని నాకు రుజువైన సందర్భాలు రెండున్నాయి. 2008 డిసెంబరులో తుంగభద్ర పుష్కరాలప్పుడు మా ఊరి ఘాట్ల మీద, పంచెను మోకాళ్ళ పైకి ఎగదోపినవారు, కట్ డ్రాయరుతో నిలబడినవారు, తడి తువ్వాలు చుట్టుకొని పిండప్రదానం చేసినవారు ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా, పక్క మెట్ల మీద ఆడవాళ్ళు స్నానం చేస్తుండగానే, మూడు మునకలు వేసి పోయారు. ఎవరి తొడలు ఎవరికి కనబడ్డాయన్న చర్చ నాకు ఎక్కడా వినబడలేదు. ఆ మరుసటి ఏడు, 2009 అక్టోబరు 2న, నది ఊరి మీద పడినప్పుడు, మిద్దెల మీదికి ఎక్కినవారిలో డ్రాయరు తప్ప ఇంకేమీ లేని గృహస్థులు ఎందరో ఉన్నారు, అందులో నా పక్కింటి వకీలు ఒకరు, ఆయనను ఆ తరువాత ఎవరూ ఆ విషయమై ఆటపట్టించలేదు. పుణ్యానికైనా ప్రాణానికైనా ఒళ్ళు బయటపెడితే తప్పు లేదు. కుస్తీ గోదాలో లంగోటికీ తప్పు లేదు. మన వేమన బొమ్మలో ఒంటి మీద బట్టే ఉండదు, ఆ యోగి పేరు మీద కడపలో విశ్వవిద్యాలయమే ఉంది. ఒళ్ళు ఏదో ఒక పనిలో ఉన్నంతసేపు దాని మీద ఎంత గుడ్డ ఉందని మనవాళ్ళు అడగరు. సుఖం కోసం, ఆరోగ్యం కోసం, ఊరికే తేలియాడటం కోసం దిగిన ఒంటిని మాత్రం గట్టు మీదినుంచి పరిశీలిస్తారు. కొలనులో సిగ్గుపడేవారంతా గట్టు మీద ఉన్నంతసేపే సిగ్గుపడతారన్నది కూడా నేను గమనించాను. నీళ్ళలో దిగాక ఎవరూ ఏమీ సవరించుకోరు.

అయితే వదులు బట్ట కోరేవారి మాటలో పస లేదని నేను అనను. నాతోపాటు ఈతకు వచ్చే ఒక మిత్రుడు, పట్నంలో మందుల దుకాణం నడుపుతాడు, వి-కట్ వేసుకొనేది లేదని మొదటి రోజే తేల్చి చెప్పాడు. ఆయన కారణం ఫోను. "మా జేజినాయన్ను బాయికాడ చూసినోళ్ళు చూసి మర్చిపోయినారు. నన్ను చూసినోడు వీడియో తీసి పొద్దున్నే గ్రూపులో పెడతాడు" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. గట్టు మీదికి ఫోన్లు తేరాదని కొలనులో బోర్డు ఉంది గాని, తల్లిదండ్రులు పిల్లల ఈతను తీస్తూనే ఉంటారు, వెనక ఎవరు పడ్డారో వాళ్ళు చూసుకోరు. చూపు నిలపకూడని చోట చూపు నిలపరాదన్న పాత ఒప్పందం కెమెరాకు వర్తించదు. సాయంత్రం కుటుంబాల వేళలో చిన్న బ్రీఫ్‌తో తిరిగే మగవాళ్ళను చూసి ఇబ్బందిపడే ఆడవాళ్ళున్నారన్నదీ నిజమే. మా ఆవిడ ఆ వేళకు రానని చెప్పింది, కారణం బట్ట పొట్టిదనమా మనుషుల తీరా అని అడిగితే, రెండోదే అంది. నీలం వి-కట్ వేసుకునే ఆ పెద్దాయన ముందు ఆమెకు ఏ ఇబ్బందీ లేదట, మోకాళ్ళ దాకా కప్పుకొని గట్టు మీద వరసగా కూర్చొని చూసే కుర్రవాళ్ళతోనే ఇబ్బందట.

మా అబ్బాయికి పదిహేడేళ్ళు. వాడు నాతో మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ జామర్ మీద ఇంకో షార్టు వేసుకొని, కోచ్ విప్పించాడు. నాలుగోసారి రమ్మంటే, తన కాళ్ళు సన్నగా ఉంటాయనీ, మోకాళ్ళు నల్లగా ఉంటాయనీ, స్నేహితులెవరైనా చూస్తే పేరు పెడతారనీ చాలాసేపటికి చెప్పాడు. నాకు కాలువ గట్టు మీద నా పేరు గుర్తొచ్చింది. నన్ను కొంగకాళ్ళోడు అనేవాళ్ళు, ఆ పేరు పెట్టినవాడు ఇప్పటికీ ఫోను చేస్తే అదే పేరుతో పలకరిస్తాడు. అది వాడికి చెబితే నవ్వాడు గాని ఈతకు రాలేదు. నేను బలవంతం చేయలేదు. బావిలోకి నెట్టడానికి మా జేజినాయనకున్న హక్కు నాకు ఉందని నేను అనుకోవడం లేదు, బావీ లేదు.

వి-కట్ నేను వేసుకున్నది కిందటి నెలలోనే, అదీ ధైర్యంతో కాదు. రాత్రంతా వాన కురిసి జామర్ ఆరలేదు, ఈత మానితే మోకాలు పట్టేస్తుంది, కాబట్టి ఆ మేకుకు వేలాడే నల్ల గుడ్డను చివరికి కొన్నాను. గదిలో నుంచి బయటికి వచ్చి షవరు దాకా నడిచిన ఇరవై అడుగుల్లో నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ముందు కట్టుకున్నాను, వెనక కట్టుకున్నాను, చివరకు చలిగా ఉన్నట్టు భుజాలు పట్టుకున్నాను. నా మొలతాడు దాని అంచుకు పైన ఎర్రగా కనబడుతోంది. నీలం వి-కట్ పెద్దాయన గట్టు మీద ఒళ్ళు తుడుచుకుంటూ నన్ను చూసి, "నీళ్ళు బాగుండాయి, దిగు నాయనా" అన్నారు. అంతకుమించి ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు. నీళ్ళలో మాత్రం తేడా నాకు మొదటి బారలోనే తెలిసింది, తొడల మీద ఏ బిగువూ లేదు, కప్పకాళ్ళు వేసినప్పుడు మోకాలు ఎంత దూరం పోవాలనుకుంటే అంత దూరం పోయింది. ఆ కదలిక నాకు కొత్తది కాదు, ముప్ఫై ఏళ్ళుగా మరిచిపోయినది.

ఇంటికి వచ్చి దానిని ఉతికి మిద్దె మీద తీగకు ఆరేశాను. మా అమ్మకు ఎనభై దగ్గర పడుతోంది, ఎండకు వడియాలు పెట్టడానికి పైకి వచ్చి, దానిని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకొని, "ఇదేందిరా, గోచి కుట్టిచ్చుకున్నావా?" అని అడిగింది. అవునన్నాను. "మీ జేజినాయనదే దీనికంటె పెద్దది గదరా" అని చాలాసేపు నవ్వింది. తరువాత చుట్టూ ఒకసారి చూసి, పై వాటాలో అద్దెకుండే ఆడపిల్లలు బట్టలకు వస్తారంటూ, దానిని తీగ మీద నుంచి తీసి, నా తువ్వాలు వెనక, ఎవరికీ కనబడకుండా, రెండు క్లిప్పులు పెట్టి ఆరేసింది.